ఇసుక దారిలో నీళ్ళ లెక్క

ఈ నెల ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఐదుగురు మనుషులు ఎడారిలో వారం రోజుల మోటారు ప్రయాణానికి బయలుదేరారనుకోండి. కారులో పెట్టుకునే సామానులన్నిటిలోకీ బరువైనది ఏది? బట్టల పెట్టెలా? తినుబండారాలా? దుప్పట్లా?

మా ఇంట్లో ఈ ప్రశ్న అడిగితే నలుగురూ నాలుగు జవాబులు చెప్పారు. నాలుగూ తప్పే. అన్నిటికంటె బరువైనవి నీళ్ళు! ఎట్లాగో చెబుతాను, వినండి.

మన దేశానికి వాయవ్య దిక్కున, రాజస్థాన్ రాష్ట్రంలో, థార్ ఎడారి ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. చాలా భాగం మన దేశంలోనూ, కొంత పాకిస్థాన్‌లోనూ ఉన్నది. ఒక ఏడాది చలికాలంలో మా అమ్మాయి, అల్లుడుగారు, పదేళ్ళ మనుమరాలు, నాలుగేళ్ళ మనుమడు, నేను ఆ ఎడారి చూడడానికి వెళ్ళాము. రైలులో జోధ్‌పూర్ చేరి, అక్కడ ఒక కారు అద్దెకు తీసుకున్నాము. కారు నడిపేది అల్లుడుగారు. ప్రయాణం లెక్కలు కట్టేది నేను. బడిలో టైం టేబిళ్ళు వేసి వేసి నాకు అది అలవాటైపోయింది.

మొదటి లెక్క, కాలానిది. ఎడారికి ఎప్పుడు వెళ్ళాలి? వేసవిలో పసిపిల్లలతో వెళ్ళనే కూడదు. 2016వ సంవత్సరం మే 19వ తేదీన జోధ్‌పూర్‌కు ఉత్తరంగా ఉన్న ఫలోదీ అనే ఊళ్ళో 51 డిగ్రీల ఎండ కాసింది. మన శరీరం వేడి సుమారు 37 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి మన ఒంటికంటె అంత వేడిగా ఉంటే, చెమట ఆరడం ఒక్కటే ఒంటిని చల్లబరిచే దారి. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ ఒంటికంటె త్వరగా వేడెక్కుతుంది. చిన్న గిన్నెలో నీళ్ళు పెద్ద గుండిగలో నీళ్ళకంటె త్వరగా కాగుతాయి కదా, అట్లాగే. అందుకని మేము డిసెంబరు నెల ఎన్నుకున్నాము.

రెండో లెక్క, దూరానిది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేరుకు సుమారు 280 కిలోమీటర్లు. జైసల్మేరు నుంచి బికనేరుకు 330. బికనేరు నుంచి తిరిగి జోధ్‌పూర్‌కు 250. మొత్తం 860. మధ్యలో ఇసుక దిబ్బలు చూడడానికి ఖూడీ అనే పల్లెకు పోయిరావడానికి ఇంకొక వంద. అంతా కలిపి 960 కిలోమీటర్లు.

దూరం తెలిస్తే చాలదు. ఎంతసేపు పడుతుందో తెలియాలి. గంటకు 50 కిలోమీటర్ల లెక్కన 280 కిలోమీటర్లకు ఐదున్నర గంటలు దాటుతుంది. నాలుగేళ్ళవాడు రెండు గంటలకంటె ఎక్కువసేపు కుదురుగా కూర్చోలేడు. అందుకని దారిలో అరగంట చొప్పున మూడు మజిలీలు. మొత్తం ఏడు గంటలు. ఆ నెలలో అక్కడ పగలు పదిన్నర గంటలే. పొద్దున్న ఏడున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం రెండున్నరకు చేరుతాము. బాగానే ఉన్నది.

మరి 330 కిలోమీటర్ల మాటో? ప్రయాణం ఆరున్నర గంటల పైమాట, మజిలీలు రెండు గంటలు. ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది. దారిలో ఒక్క చక్రం పంక్చరైనా చీకటి పడుతుంది. ఆ రోడ్ల మీద చీకట్లో ఒంటెలూ, ఆవులూ అడ్డంగా వస్తాయి. దగ్గరకు వచ్చేదాకా కనిపించవు. అందుచేత ఆ ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో ఫలోదీలో ఒక రాత్రి ఉండాలని నిశ్చయించాము.

మూడో లెక్క, నీళ్ళది. పెద్దవాళ్ళు ముగ్గురికి రోజుకు తలా మూడు లీటర్లు. పిల్లలిద్దరికీ తలా రెండు లీటర్లు. వెరసి 13 లీటర్లు తాగడానికి. చేతులు, ముఖాలు, గిన్నెలు కడగడానికి ఇంకొక 7 లీటర్లు. మొత్తం 20. దారిలో ఏదైనా ఆపద వచ్చి ఒక రోజు ఆగిపోతే? దానికోసం ఇంకొక 20 లీటర్లు వేరే క్యానులో. ఒక లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. కాబట్టి 40 లీటర్లు 40 కిలోలు! మా పెట్టెలన్నీ కలిపి తూచినా 36 కిలోలే అయినాయి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కదా?

నీళ్ళు రెండు క్యానులలో పెట్టడానికి మరొక కారణం కూడా ఉన్నది. ఒకటి కారిపోయినా రెండోది మిగులుతుంది.

ఈ నీళ్ళ లెక్క చూసే పని మా మనుమరాలికి అప్పగించాను. ఆమె ఒక పుల్ల మీద గీతలు గీసి, దానిని క్యానులో ముంచి ఎన్ని లీటర్లున్నాయో చూసేది. ఒక నోటు పుస్తకంలో పొద్దున్న ఎంత, సాయంత్రం ఎంత అని రాసేది. నన్ను చూపించి, "తాతయ్య హెడ్మాస్టరు, నేను నీళ్ళ మాస్టరు," అని అందరితో చెప్పేది.

మొదటి రోజు ప్రయాణం లెక్క ప్రకారమే జరిగింది. రెండో రోజు జైసల్మేరు కోట చూశాము. దానిని 1156లో రావల్ జైసల్ అనే రాజు కట్టించాడు. పసుపు రంగు రాతితో కట్టిన కోట కావడంచేత సాయంత్రపుటెండలో బంగారంలాగా మెరుస్తుంది. ఊరికి 17 కిలోమీటర్ల దూరాన ఆకల్ అనేచోట రాళ్ళుగా మారిపోయిన చెట్ల మానులున్నాయి. అవి సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటివి. ఇప్పుడు ఇసుక పరుచుకున్న చోట ఒకప్పుడు దట్టమైన అడవి ఉండేదన్న మాట!

ఇక మూడో రోజు సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది. కాని చెప్పకపోతే పాఠం పూర్తి కాదు.

ఆ రోజు ఖూడీకి ప్రయాణం. జైసల్మేరు నుంచి 50 కిలోమీటర్లకు మించదు. బయలుదేరబోతుండగా మనుమరాలు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"తాతయ్యా, రెండు క్యానులూ ఖాళీ అయినాయి. నిన్న అందరూ స్నానాలకు వాడేశారు. నింపించమంటారా?"

"ఇంత దగ్గరికి క్యానులెందుకమ్మా! మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తాము. సీసాలలో ఉన్నవి చాలు," అన్నాను.

కంబళ్ళు కూడా హోటలు గదిలోనే వదిలేశాము.

ఇసుక దిబ్బలు చూశాము. పిల్లలు వాటి మీది నుంచి జారి జారి ఆడుకున్నారు. తిరిగి వస్తుండగా దూరాన నాలుగు జింకలు కనిపించాయి. "అవుగో! అవుగో!" అని చిన్నవాడు కేకలు పెట్టాడు. రోడ్డు పక్కగా చక్రాల జాడలున్న ఒక బాట కనబడింది. అల్లుడుగారు కారును ఆ బాట పట్టించారు. నేనూ వద్దనలేదు. మూడు నాలుగు చీలికలు దాటి, సుమారు రెండు కిలోమీటర్లు పోయాక, కారు ముందు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి.

అల్లుడుగారు ఇంజను వేగం పెంచారు. కారు కదలలేదు సరికదా, ఇంకా లోతుకు దిగింది. ఎందుకంటే, చక్రం ఉన్నచోటనే గిరగిరా తిరిగితే కింద ఉన్న ఇసుకను వెనక్కి తోసేస్తుంది. అంటే తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. అట్లాంటప్పుడు ఇంజను ఆపి దిగి చూడాలి. మేము ఆ పని చేసేసరికి కారు అడుగుభాగం ఇసుకను తాకింది.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. సీసాలన్నీ కలిపి చూస్తే రెండు లీటర్ల నీళ్ళున్నాయి.

"మామయ్యగారూ, నేను రోడ్డు దాకా నడిచి వెళ్ళి ఎవరినైనా పిలుచుకు వస్తాను," అన్నారు అల్లుడుగారు.

నేను ఒప్పుకోలేదు. ఎడారిలో దారి తప్పినవాళ్ళు బండిని వదిలి పోకూడదు. బండి పెద్దది. దూరం నుంచి కనిపిస్తుంది. నీడ ఇస్తుంది. ఒంటరి మనిషి కనిపించడు. పైగా మేము దాటివచ్చిన చీలికలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అందుకని ఎర్ర దుప్పటా ఒకటి కారు పైన కట్టి, తలుపులు తెరిచి, కారు నీడలో కూర్చున్నాము. తలుపులు మూసిన కారులో ఎండవేళ పిల్లల్ని ఉంచకూడదు, చలికాలంలో అయినా సరే. అద్దాలలోంచి ఎండ లోపలికి వస్తుంది కాని, లోపలి వేడి బయటికి పోదు.

చేతులతో ఇసుక తవ్వాము. తవ్వినంత ఇసుకా మళ్ళీ జారి వచ్చింది. రెండు గంటలు గడిచాయి. నీళ్ళు ఒక లీటరుకు వచ్చాయి. పొద్దుటినుంచీ గెంతులు వేసిన చిన్నవాడు తల్లి ఒడిలో వాలిపోయాడు. పెదవులు ఎండిపోయాయి. పిలిస్తే విసుక్కున్నాడు.

"నాన్నగారూ, వీడు పొద్దున్న ఎప్పుడో మూత్రానికి పోయాడు. మళ్ళీ పోలేదు," అన్నది మా అమ్మాయి. ఆమె గొంతు మారిపోయింది.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. పెదవులు ఎండడం, నీరసం, మూత్రం రాకపోవడం లేక ముదురు పసుపుగా రావడం, ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే గుర్తులు. ఎడారి గాలి పొడిగాలి. చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు తడవదు కనుక మనం నీరు పోగొట్టుకుంటున్నామనే తెలియదు. ఆటలో ఉన్న పసివాడికి దాహం సంగతే జ్ఞాపకం రాదు.

మా దగ్గర ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండున్నాయి. అయితే ఒక పొట్లాన్ని సరిగా ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. తక్కువ నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఉన్న ఒక్క లీటరూ దానికే వాడేశాము. మనుమరాలు సీసా మూతతో కొలిచి తమ్ముడికి కొంచెం కొంచెంగా పట్టింది. తాను మాత్రం ఒక్క గుక్క తాగలేదు. "నాకు దాహం లేదు," అన్నది. ఆ మాట నిజం కాదని నాకు తెలుసు.

నాకు ఇంకొక భయం పట్టుకున్నది. సూర్యుడు ఆరు గంటలకు ముందే అస్తమిస్తాడు. ఇసుక ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. వేడిని పట్టి ఉంచడానికి ఆకాశంలో మబ్బు లేదు, గాలిలో తేమ లేదు. రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. కంబళ్ళేమో హోటల్లో ఉన్నాయి!

నాలుగుంపావుకు ఎక్కడో గంటల చప్పుడు వినిపించింది. మేకల మంద. దాని వెనుక ఎర్రటి తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన, పన్నెండేళ్ళ ఆయన మనుమడు. మా ఎర్ర దుప్పటా చూసి ఇటు తిరిగారట.

ముసలాయన మమ్మల్ని ఏమీ అడగలేదు. ముందు చిన్నవాడి ముఖం చూశాడు. తన భుజాన వేలాడే క్యాను దించి నీళ్ళు పోశాడు. ఆ క్యానుకు తడి గోనెగుడ్డ చుట్టి ఉన్నది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మన మట్టికూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, ఆ నీళ్ళూ అందుకే చల్లబడ్డాయి. గుడ్డలోని తడి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది.

తరువాత ఆయన మనుమడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక పుల్లతో చక్రాలలోని గాలి తీయసాగాడు. నేను కంగారుపడ్డాను. నాలుగు చక్రాలలోనూ సగం దాకా గాలి తీసేశాడు. ఎందుకో తెలుసా? గాలి తగ్గితే చక్రం చదునై ఎక్కువ నేలను ఆనుతుంది. అదే బరువు ఎక్కువ చోటుకు పంచుకుంటుంది. కాబట్టి దిగబడదు. ఒంటె పాదం వెడల్పుగా ఉండడానికీ కారణం అదే. పన్నెండేళ్ళ కుర్రవాడు నాకు భౌతికశాస్త్రం చెప్పాడు!

చక్రాల కింద వేయడానికి కొమ్మలు కావాలి. పక్కనే ఒక పచ్చని చెట్టున్నది. అల్లుడుగారు దాని కొమ్మ విరవబోయారు. ముసలాయన గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "దీనిని కాదు బాబూ," అని హిందీలో అన్నాడు. తానే పోయి ఎండిన తుప్పలు ఏరి తెచ్చాడు. కారులోని రబ్బరు చాపలు కూడా తీసి పరిచాము. కారును ముందుకు కాక, వచ్చిన జాడలోనే వెనక్కి నడిపించాము. మూడోసారికి బయటపడింది.

ఆ చెట్టు ఏమిటో తెలుసా? మీకు బాగా తెలిసిన చెట్టే. అది జమ్మి! దసరా పండుగకు మనం పూజ చేసే జమ్మి. పాండవులు తమ ఆయుధాలు దాచిపెట్టిన జమ్మి. అక్కడ దానిని ఖేజ్డీ అంటారు. అది రాజస్థాన్‌కూ, మన తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. దాని వేళ్ళు చాలా లోతుకు పోయి నీళ్ళు వెతుక్కుంటాయి. ఆకులు మేకలకూ, ఒంటెలకూ మేత. కాయలు మనుషులకు కూర. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు సున్నం కాల్చడానికి ఖేజడ్లీ అనే ఊళ్ళో ఈ చెట్లు కొట్టబోతే, అమృతాదేవి అనే ఇల్లాలు ఒక చెట్టును కౌగిలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనుక బిష్ణోయీలు ఒకరి తరువాత ఒకరు, మొత్తం 363 మంది, చెట్ల కోసం ప్రాణాలిచ్చారు. మేము ఆ మధ్యాహ్నం తొందరలో విరవబోయింది అటువంటి చెట్టు కొమ్మ.

కుర్రవాడు కారెక్కి తమ ఇంటికి దారి చూపించాడు. ఇంటి ముందు నేలలో గుండ్రని తొట్టి, దానిమీద మూత, చుట్టూ వాలుగా చదును చేసిన నేల ఉన్నాయి. దానిని టాంకా అంటారు. వానచినుకు ఆ వాలు మీద పడి తొట్టిలోకి పోతుంది. జైసల్మేరు ప్రాంతంలో ఏడాది పొడుగునా కురిసే వాన 200 మిల్లీమీటర్లకు లోపే. అయినా లెక్క కట్టి చూడండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న నేల మీద ఏడాదిలో 150 మిల్లీమీటర్లు కురిస్తే 15,000 లీటర్లు! కొంత ఇంకిపోయినా, కొంత ఆవిరైపోయినా, మిగిలిన నీరు ఒక ఇంటికి ఎంతో ఆదరువు.

కుర్రవాడి తల్లి చిన్న చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. డబ్బు ఇవ్వబోతే వాళ్ళు ముట్టలేదు. మనుమరాలు తన రంగు పెన్సిళ్ళ పెట్టె కుర్రవాడి చేతిలో పెట్టింది. అది మాత్రం తీసుకున్నాడు.

నెమ్మదిగా నడుపుకుంటూ జైసల్మేరు చేరాము. మొదట దొరికిన దుకాణంలోనే చక్రాలకు గాలి కొట్టించాము. చిన్నవాడు రాత్రికి లేచి ఆడుకున్నాడు. వాడు పడుకున్నాక మనుమరాలి నోటు పుస్తకం తీసి చూశాను. ఆ రోజు పేజీలో ఇట్లా ఉన్నది: "రెండు క్యానులూ ఖాళీ. నింపుదామన్నాను. తాతయ్య వద్దన్నారు."

నేను కలం తీసి దాని కింద, "తప్పు తాతయ్యది," అని రాసి సంతకం చేశాను.

చూశారా, పిల్లలూ! 280 కిలోమీటర్ల ప్రయాణానికి అంత జాగ్రత్తపడ్డవాణ్ణి 50 కిలోమీటర్ల దగ్గర మోసపోయాను. దూరం ప్రయాణమంటే మనకు భయం ఉంటుంది. భయం ఉన్నచోట జాగ్రత్త ఉంటుంది. దగ్గర ప్రయాణమే మనల్ని ఏమరుస్తుంది.

మీ ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా అటువంటి ప్రయాణం తలపెడితే ఈ ఐదు మాటలూ వాళ్ళకు చదివి వినిపించండి:

1. దగ్గరికి వెళ్ళినా, దూరానికి వెళ్ళినా ఒక రోజుకు సరిపడే అదనపు నీళ్ళు కారులో ఉండాలి. కంబళ్ళు కూడా.

2. పసిపిల్లలు అడిగేదాకా ఆగకుండా, గంటకొకసారి వాళ్ళచేత నీళ్ళు తాగించాలి.

3. చీకటి పడకముందే మజిలీ చేరాలి. ఏ ఊరికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో, బస చేసినచోట చెప్పి బయలుదేరాలి.

4. తారురోడ్డు వదిలి ఇసుక బాట పట్టకూడదు. బండి దిగబడితే ఇంజను ఆపాలి. బండిని వదిలి పోకూడదు.

5. లెక్క చూసే పని ఎవరికి అప్పగించారో, వాళ్ళ మాట వినాలి. వాళ్ళు పదేళ్ళవాళ్ళైనా సరే.

తరువాతి ప్రయాణమంతా క్షేమంగా జరిగింది. ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊళ్ళో వేల కొద్దీ క్రౌంచ పక్షులు చూశాము. అవి చలికాలానికి మంగోలియా మొదలైన చోట్ల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. ఊరివాళ్ళు వాటికి గింజలు చల్లుతారు. చిన్నవాడు వాటిని లెక్కపెట్టబోయి, ఇరవై దాకా లెక్కించి, "ఇక నాకు అంకెలు రావు," అన్నాడు. ఆ రోజు బయలుదేరేముందు రెండు క్యానులూ నిండుగా ఉన్నాయి. పుల్ల ముంచి చూసింది నేనే. మనుమరాలు పక్కన నిలబడి రాసుకున్నది.

ఇక మీకు ఇంటిలెక్క. మీ ఇంటి డాబా పొడవు, వెడల్పు మీటర్లలో కొలవండి. రెండూ హెచ్చవేయండి. మీ ఊళ్ళో ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్ల వాన కురుస్తుందో మీ మాస్టారునడిగి తెలుసుకుని, దానితో మళ్ళీ హెచ్చవేయండి. వచ్చిన అంకె, మీ డాబా మీద ఏటేటా పడే వాననీరు, లీటర్లలో. అందులో ఇప్పుడు ఎంత దాచుకుంటున్నారో, ఎంత కాలవ పాలవుతున్నదో మీ నాన్నగారిని అడగండి. ఆయన జవాబు చెప్పలేకపోతే కోప్పడకండి. ఇద్దరూ కలిసి కూర్చుని ఆలోచించండి.